సమాధులు తవ్వినోళ్ల ఊరికి గుర్రం మీద

నైలు పడమటి ఒడ్డున గుళ్లు, ఎడారి, రాజుల లోయ. వాటి నడుమ మూడు వేల ఏళ్ల కిందటి కార్మికుల కాలనీ ఒకటి. బొగ్గు బాయిల గడ్డ శ్రీరాంపూర్ నుంచి వెళ్లిన కళ్లు చూసిన ఈజిప్టు ఇది.

లక్సర్ నగరానికి ఎదురుగా, నైలు పడమటి ఒడ్డున, పచ్చదనం ఒక్కసారిగా ఆగిపోతుంది. ఒక అడుగు చెరకు తోటలో ఉంటే మరో అడుగు ఇసుకలో పడుతుంది. నడుమ బీడు లేదు, తుప్పలు లేవు. నీళ్లు పారినంత మేరా పంట, పారని చోటు నుంచి సహారా. పాత ఈజిప్టు రాజులు తమ గుళ్లను సరిగ్గా ఆ హద్దు వెంబడే కట్టించుకున్నారు. వెనుకనున్న సున్నపురాయి కొండల్లో సమాధులు తవ్వించుకున్నారు. పొలం బతికున్నవాళ్లకు, ఎడారి పోయినవాళ్లకు.

ఈ ఏర్పాటు బస్సు కిటికీలోంచి అర్థం కాదు. బస్సు ఒక గుడి గేటు ముందు దింపుతుంది, కాసేపటికి ఎక్కించుకుని ఇంకో గేటు ముందు దింపుతుంది. రెండు గేట్ల నడుమ ఉన్నదంతా వెనక్కి ఉరికిపోతుంది. గుర్రం మీద వెళ్తే ఆ నడుమ ఉన్నదే యాత్ర అవుతుంది. పడమటి ఒడ్డున పడవ దిగే రేవు దగ్గరి పల్లెల్లో గుర్రపుశాలలు చాలా ఉన్నాయి. గంటా రెండు గంటల స్వారీ నుంచి రోజుల తరబడి సాగే గుర్రపు విహారం దాకా అక్కడ ఏర్పాటు చేస్తారు. ఇంగ్లండ్, జర్మనీల నుంచి ఏటా దీని కోసమే వచ్చేవాళ్లున్నారు. మన తెలుగువాళ్లు మాత్రం అరుదు. మనం ఈజిప్టు వెళ్తే పిరమిడ్ ముందు ఒంటె మీద ఒక ఫొటో, నైలు మీద ఒక పడవ ప్రయాణం, అంతే. ఇంత దూరం పోయి అంతటితో తిరిగి రావడం నాకు బాధగా అనిపిస్తుంది.

స్వారీ పొద్దు పొడవక ముందే మొదలవుతుంది. చీకట్లోనే జీను బిగిస్తారు, కళ్లెం సరిచూస్తారు, రికాబులు మన కాలి పొడవుకు సర్దుతారు. నాకిచ్చింది బూడిద వన్నె ఆడగుర్రం, అరబ్బు రక్తం కలిసిన నాటు జాతి. మెడ కింద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. నేను ఎక్కగానే ఒక చెవి వెనక్కి తిప్పి, ఎక్కింది ఎవరో ఆలకించినట్టు కాసేపు కదలకుండా నిలబడింది. ముందు గుర్రం మీదున్న గైడు ‘యల్లా’ అనగానే కదిలింది. కాలువ గట్టు మీద మెత్తని నల్లమట్టి. అక్కడ డెక్కల చప్పుడు వినపడదు. బర్సీం గడ్డి మోపులతో గాడిద బండ్లు ఎదురొస్తాయి, బర్రెలు అడ్డం నిలబడతాయి, కొంగలు లేస్తాయి. చెరకు నరికే కాలంలో తోటల పక్కన సన్నని పట్టాల మీద చెరకు డబ్బాలు బారులు తీరి ఉంటాయి. అవి అర్మంత్ చక్కెర ఫ్యాక్టరీకి పోతాయి. కొండల మీద ఎండ పడే వేళకు ఆకాశంలో వేడిగాలి బెలూన్లు తేలుతుంటాయి.

చెరకు తోటల అంచున మెమ్నన్ విగ్రహాలు కనిపిస్తాయి. మూడో అమెన్‌హోటెప్ రాజు కూర్చున్న భంగిమలో రెండు బొమ్మలు, ఒక్కోటి సుమారు 18 మీటర్ల ఎత్తు. వాటి వెనుక అతని గుడి ఉండేది. ఆ రోజుల్లో థీబ్స్‌లో, అంటే ఇప్పటి లక్సర్‌లో, అంత పెద్ద గుడి మరొకటి లేదు. భూకంపాలు, నైలు వరదలు దాన్ని నేలమట్టం చేశాయి. క్రీస్తు పూర్వం 27లో వచ్చిన భూకంపానికి ఉత్తరం వైపు బొమ్మ పగిలింది. ఆ తర్వాత తెల్లవారుజామున దాని నుంచి ఒక శబ్దం వచ్చేదని, దాన్ని వినడానికి రోమ్ చక్రవర్తులు కూడా వచ్చారని రాతలున్నాయి. వచ్చినవాళ్లు రాతి కాళ్ల మీద తమ పేర్లు చెక్కి పోయారు. గుర్రం మీద కూర్చున్నా ఆ బొమ్మ పాదం దగ్గరే ఉంటాం.

నేను పుట్టింది శ్రీరాంపూర్ కాలనీలో, సింగరేణి క్వార్టర్‌లో. బాపు కోల్ ఫిల్లర్. తట్టా చెమ్మస్ పట్టి టబ్బులు నింపిన మనిషి. మా చిన్నప్పుడు గుర్రమంటే గాంధారి ఖిల్లా జాతరలో నాయకపోడు ఆదివాసులు ఎత్తుకొచ్చే లక్ష్మీదేవర. కొయ్యతో చెక్కి రంగులద్దిన గుర్రపు ముఖం అది. డప్పుల నడుమ అది ఊగుతుంటే నిజం గుర్రం కన్నా ప్రాణంతో ఉన్నట్టు కనిపించేది. ఈజిప్టు అంటే హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలోని మమ్మీ. బడి టూరులో చూసి రాత్రి నిద్ర పట్టని పిల్లలు మా తరగతిలో చాలామంది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ 1920 ప్రాంతంలో ఆ మమ్మీని వెయ్యి పౌండ్లకు కొన్నారు. అది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. ఆయన 1930లో మ్యూజియానికి ఇచ్చారు. చిన్న వయసులోనే పోయిన ఒక అమ్మాయి దేహం అది. నైలు ఒడ్డు నుంచి మూసీ ఒడ్డుకు చేరి దాదాపు వందేళ్లయింది.

రాజులు ఎక్కని గుర్రం

గుళ్ల గోడల మీద ఎక్కడ చూసినా గుర్రాలే ఉంటాయి కాబట్టి ఈజిప్టు గుర్రాల దేశమని అనుకుంటాం. నిజానికి పిరమిడ్లు కట్టిన కాలంలో అక్కడ గుర్రమే లేదు. గిజా మహా పిరమిడ్ క్రీస్తు పూర్వం 2560 ప్రాంతానిది. గుర్రం, దానితోపాటు రథం, అంతకు దాదాపు తొమ్మిది వందల ఏళ్ల తర్వాత ఆసియా వైపు నుంచి, హిక్సోస్ పాలకుల కాలంలో ఈజిప్టుకు చేరాయి. వచ్చాక కూడా రాజులు గుర్రం మీద ఎక్కి కూర్చోలేదు. రథానికి కట్టి తోలారు. గుర్రమెక్కిన మనిషి బొమ్మ గోడల మీద అరుదుగా కనిపిస్తుంది. ఆ మనిషి కూడా సాధారణంగా వార్తాహరుడో, గుర్రాల కాపరో అయి ఉంటాడు. 1922లో హోవర్డ్ కార్టర్ తెరిచిన టూటన్‌ఖామున్ సమాధిలో ఆరు రథాలు దొరికాయి, విడదీసి పేర్చినవి.

గుర్రాల మీద వాళ్లకున్న ప్రేమ మాత్రం సామాన్యమైంది కాదు. రెండో రామ్సెస్ కాదేష్ యుద్ధాన్ని తన గుడి రామేసియం గోడల మీద, లక్సర్ గుడిలో, అబూ సింబెల్‌లో చెక్కించాడు. అందులో తన రథం గుర్రాలను పేరు పెట్టి తలుచుకుంటాడు. ఒకదాని పేరుకు ‘థీబ్స్‌లో విజయం’ అని అర్థం, రెండోది ‘ముత్ దేవత సంతుష్టి’. సైన్యం తనను వదిలేసినప్పుడు ఆ రెండే తోడు నిలిచాయని, ఇక నుంచి రోజూ తన ఎదుటే వాటికి మేత పెట్టిస్తానని మాట ఇస్తాడు. హత్‌షెప్‌సుత్ రాణికి ముఖ్య అధికారిగా ఉన్న సెనెన్‌ముత్ సమాధి దిగువన, కొండ వాలులో, 1930ల్లో ఒక పెద్ద శవపేటిక బయటపడింది. తెరిస్తే లోపల బట్ట చుట్టిన ఒక చిన్న ఆడగుర్రం. ఎవరో దాన్ని మనిషిని సాగనంపినట్టు సాగనంపారు.

నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి నూబియా రాజు పియేది. క్రీస్తు పూర్వం ఎనిమిదో శతాబ్దంలో అతను ఈజిప్టు మీదికి దండెత్తి హెర్మోపోలిస్ నగరాన్ని గెలిచాడు. ఓడిన రాజు నిమ్లోత్ తన ఖజానా అంతా చూపించాడు. పియే మాత్రం నేరుగా గుర్రపుశాలకు నడిచాడు. ముట్టడి రోజుల్లో మేత లేక గుర్రాలు ఎముకలు తేలి ఉన్నాయి. నువ్వు చేసిన అన్ని తప్పులకన్నా ఈ గుర్రాలను ఆకలితో మాడ్చడమే నన్ను ఎక్కువ బాధించిందని ఓడిన రాజు ముఖం మీదే అన్నాడు. ఆ మాటను తన విజయ శాసనంలో చెక్కించుకున్నాడు కూడా. గెలిచిన నగరాల లెక్కల పక్కన ఆకలిగొన్న గుర్రాల ఊసు ఎత్తిన రాజు చరిత్రలో ఎంతమంది ఉంటారు?

ఓబీ గుట్టలు ఇక్కడా ఉన్నాయి

మెమ్నన్ విగ్రహాలు దాటి దక్షిణం వైపు తిరిగితే పర్యాటకుల సందడి తగ్గిపోతుంది. అక్కడ మల్కతా, అంటే మూడో అమెన్‌హోటెప్ రాజభవనాల శిథిలాలు. మట్టి ఇటుకల గోడలు మోకాలెత్తున మిగిలాయి. అక్కడి నుంచి ముందుకు పోతే దారికి ఒక పక్కన వరుసగా మట్టి గుట్టలు వస్తాయి. మామూలుగా చూస్తే ఇసుక తిన్నెలనుకుంటారు. నేను కళ్లెం లాగి గుర్రాన్ని ఆపాను. శ్రీరాంపూర్ ఓసీ (ఓపెన్‌కాస్ట్ గని) పక్కన, ఇందారం దారిలో పెరిగిన మనిషికి తిన్నెకూ గుట్టకూ తేడా తెలుసు. గాలి పోసిన ఇసుకకు ఒక వైపే నున్నని వాలు ఉంటుంది. తట్టలతో మోసి కుప్పపోసిన మట్టికి నెత్తి సమంగా ఉంటుంది, వాలు అన్ని వైపులా ఒకేలా జారుతుంది. ఇవి ఓబీ గుట్టలే. ఓసీల్లో బొగ్గు పైనున్న మట్టిని తీసి పోసినట్టే, ఇక్కడ అమెన్‌హోటెప్ ఒక చెరువు తవ్వించి దాని మట్టిని గట్టు వెంబడి పోయించాడు. బిర్కెత్ హబు అంటారు దీన్ని. దాదాపు రెండు కిలోమీటర్ల పొడవు, కిలోమీటరు వెడల్పు. చెరువు పూడిపోయి పొలమైంది. గుట్టలు మూడు వేల మూడు వందల ఏళ్లుగా అట్లాగే ఉన్నాయి.

మా ఊరి గుట్టలు ఇంకెన్నాళ్లుంటాయన్న ప్రశ్నకు ఇంతకన్నా స్పష్టమైన జవాబు నాకు దొరకలేదు. మనిషి ఒకసారి తవ్వి పోసింది అంత తేలిగ్గా మాసిపోదు. అందుకే వాటి మీద ఏ చెట్టు నాటుతున్నామో, వాలు ఎంత పెడుతున్నామో ఇప్పుడే పట్టించుకోవాలి.

ఇంకా దక్షిణానికి కోమ్ ఎల్-అబ్ద్ అనే చోటుంది. మట్టి ఇటుకలతో కట్టిన ఎత్తయిన వేదిక, రాజు ఎడారిలో రథం తోలి అలసిపోతే కాసేపు ఆగడానికి కట్టిందని పురావస్తు పరిశోధకుల మాట. దాని దగ్గర నుంచి ఎడారిలోకి ఒక దారి పోతుంది. గులకరాళ్లను ఏరి పక్కలకు నెట్టి చదును చేసిన దారి. కిలోమీటర్ల కొద్దీ వంపు లేకుండా పడమటి కొండల వైపు సాగుతుంది. రథం పరిగెత్తడానికి తీర్చిన బాట అది. గట్టి గులక నేల. నల్లమట్టిలో వినపడని డెక్కలు ఇక్కడ టకటకా మోగుతాయి. గుర్రానికి ఆ నేల తెలుసు. పగ్గం కాస్త వదులు చేశానో లేదో మెడ చాచింది. నడక ట్రాట్ అయింది, ట్రాట్ దౌడయింది. జూలు నా చేతుల మీద కొడుతోంది. గాలి చెవుల్లో ఒక్కటే హోరు. భయం, సంతోషం విడివిడిగా తెలియని స్థితి అది. ఆగినప్పుడు గుర్రం పక్కలు ఎగసిపడుతున్నాయి. చెమట ఎండిన చోట తెల్లని ఉప్పు చారలు మిగిలాయి. గైడు దిగి, రెండు గుర్రాలనూ ఊపిరి కుదిరేదాకా చేత్తో పట్టుకుని నడిపించాడు. ఆ తర్వాతే నీళ్లు పెట్టాడు. మంచి గుర్రపు మనిషిని అక్కడే పోల్చుకోవచ్చు.

ఆ దారిలో చివరగా దేర్ ఎల్-షెల్విత్ వస్తుంది. రోమన్ల కాలపు చిన్న ఐసిస్ గుడి. చూడ్డానికి పది నిమిషాలు చాలు.

మస్టర్లు, ఒత్తులు, నాగాలు

ఈ కథనం రాయడానికి అసలు కారణం దేర్ ఎల్-మదీనా. రాజుల లోయకూ గుళ్లకూ నడుమ ఒక చిన్న లోయలో దాగిన ఊరు. గుర్రాలను బయటే వదిలి నడిచి పోవాలి. లోపల ఒకే సన్నని వీధి, రెండు పక్కలా ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్ల పునాదులు, చుట్టూ ప్రహరీ. గోడ లోపల సుమారు 68 ఇళ్లు. అన్నీ దాదాపు ఒకే కొలత: ముందు గది, నడిమి గది, వెనుక చిన్న గది, వంటిల్లు, మేడ మీదికి మెట్లు. వరుస క్వార్టర్లలో పెరిగినవాళ్లెవరికైనా ఈ వీధిలో కాలు పెట్టగానే ఒళ్లు జల్లుమంటుంది. ఇది కాలనీ. రాజుల సమాధులు తవ్విన, చెక్కిన, రంగులద్దిన కార్మికుల కోసం ప్రభుత్వం కట్టించిన కాలనీ. దాదాపు నాలుగు వందల ఏళ్లు ఇందులో మనుషులు బతికారు.

వాళ్ల గురించి మనకు రాజుల గురించి తెలిసినదానికన్నా ఎక్కువ తెలుసు. లెక్కలు, ఉత్తరాలు, తగాదాలు, అప్పులు అన్నీ సున్నపురాయి పెచ్చుల మీద, కుండ పెంకుల మీద రాసుకున్నారు. ఊరి పక్కన ఒక పెద్ద గుంత ఉంది. నీళ్ల కోసం సుమారు 50 మీటర్ల లోతుకు తవ్వారు, నీళ్లు పడలేదు. తర్వాత అది చెత్తగుంత అయింది. ఫ్రెంచి పురావస్తు శాస్త్రవేత్త బెర్నార్ బ్రూయేర్ 1922 నుంచి దాదాపు ముప్పై ఏళ్లు ఇక్కడ తవ్వాడు. ఆ గుంతలోంచి వేల రాతల పెచ్చులు బయటికొచ్చాయి.

వాటిలో ఉన్నది చదివితే మన బాయి ఆఫీసు గుర్తొస్తుంది. పనివాళ్లు కుడి పక్క, ఎడమ పక్క అని రెండు ముఠాలు. ఒక్కో ముఠాకు ఒక మేస్త్రి, లెక్కలు రాయడానికి ఒక లేఖకుడు. పది రోజుల వారం, ఎనిమిది రోజులు పని, రెండు రోజులు సెలవు. పని రోజుల్లో ఇంటికి రారు. కొండ నెత్తిన రాళ్లతో కట్టుకున్న గుడిసెల్లో పడుకుంటారు. రాగి ఉలులను తూకం వేసి ఇస్తారు, అరిగిపోయాక మళ్లీ తూకం వేసి తీసుకుంటారు. సమాధి లోపల వెలుతురుకు నూనెలో ముంచిన బట్ట ఒత్తులు. పొద్దున ఎన్ని ఇచ్చారో, మధ్యాహ్నం తర్వాత ఎన్ని ఇచ్చారో రాసిపెట్టారు. ల్యాంప్ రూం ముందు వరుసలో నిలబడి క్యాప్ ల్యాంపు తీసుకున్న వాళ్ల పిల్లలకు ఇది చెప్పి అర్థం చేయించాల్సిన సంగతి కాదు.

ఇక మస్టర్లు, అంటే హాజరు లెక్కలు. రెండో రామ్సెస్ పాలనలో 40వ ఏట రాసిన ఒక సున్నపురాతి పలక ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అందులో 40 మంది పేర్లు, ఎవరు ఏ రోజు నాగా పెట్టారు, ఎందుకు పెట్టారు అన్నది వరుసగా రాసుంది. కళ్లు బాగాలేక. తేలు కుట్టి. ఇంట్లో బీరు కాస్తూ. తల్లి పోయి. ఇంటి ఆడవాళ్ల నెలసరి వల్ల. మేస్త్రి సొంత పనికి పోయి. మేస్త్రి సొంత పనికి తీసుకుపోవడం కూడా రికార్డులో రాశారంటే ఆ లేఖకుడికి నా దండం.

ఉద్యోగాలు తండ్రి నుంచి కొడుక్కి వచ్చేవి. కూలి డబ్బు కాదు, ధాన్యం. మామూలు పనివాడికి నెలకు రొట్టెకు నాలుగు సంచుల గోధుమ, బీరుకు ఒకటిన్నర సంచి బార్లీ. చేపలు, కూరగాయలు, నీళ్లు, వంట చెరకు కూడా ప్రభుత్వమే పంపాలి, ఎందుకంటే ఆ రాతి లోయలో ఏదీ మొలవదు, చుక్క నీరుండదు. గాడిదల మీద నీళ్లు రాకపోతే ఊరు ఊరంతా దాహంతో ఉండాల్సిందే.

వాళ్ల దేవత మెరెత్‌సెగెర్, నాగుపాము రూపం. లోయ మీద పిరమిడ్‌లా మొనదేలి నిలబడ్డ ఎల్-కుర్న్ శిఖరమే ఆమె అని నమ్మారు. తప్పు చేస్తే కళ్లు తీస్తుంది, వేడుకుంటే తిరిగి ఇస్తుంది. చీకట్లో రాయి చెక్కే మనిషికి చూపు పోతుందన్నదానికన్నా పెద్ద భయం ఏముంటుంది? బాయి దగ్గర మైసమ్మకు మొక్కి దిగే చెయ్యి, ఆ శిఖరానికి మొక్కిన చెయ్యి ఒకటే అనిపించింది నాకు.

ఊరి పక్క వాలులో వాళ్ల సొంత సమాధులున్నాయి. పగలంతా రాజు కోసం పనిచేసిన వాళ్లు సెలవు రోజుల్లో ఒకరికొకరు సాయంపడి ఇవి తవ్వుకున్నారు. కొన్నిటి మీద చిన్న ఇటుక పిరమిడ్లు కూడా కట్టుకున్నారు. సెన్నెజెమ్ అనే పనివాడి సమాధి 1886లో మూసింది మూసినట్టే దొరికింది. ఆ ఏడాదే ఇక్కడ మన గడ్డ మీద హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఇల్లందు వైపు బొగ్గు తవ్వే హక్కులు పొందింది. వంగి, నిటారు మెట్లు దిగితే ఒక చిన్న గది, కమాను కప్పు. గోడలన్నీ పసుపు రంగు మీద బొమ్మలు. సెన్నెజెమ్, అతని భార్య ఇయ్‌నెఫెర్తి తెల్లని బట్టలు కట్టుకుని పొలం దున్నుతున్నారు, అవిసె పీకుతున్నారు, పంట కోస్తున్నారు. చనిపోయాక చేరే లోకం అది. బతికినన్నాళ్లు రాతి దుమ్ము పీల్చిన దంపతులు పరలోకంలో కోరుకున్నది కాలువలు పారే పచ్చని చేను. రంగులు నిన్న వేసినట్టున్నాయి. రాజుల లోయలో ఇంతకన్నా పెద్ద గదులు, పెద్ద బొమ్మలు ఎన్నో చూశాను. ఈ గదిలో నిలబడ్డప్పుడు వచ్చిన ఏడుపు వాటిలో ఎక్కడా రాలేదు.

చరిత్రకెక్కిన తొలి సమ్మె

మూడో రామ్సెస్ పాలనలో 29వ ఏడు, అంటే క్రీస్తు పూర్వం 1157 ప్రాంతం. రావలసిన ధాన్యం వారాలు గడిచినా రాలేదు. పనివాళ్లు ఉలులు కింద పెట్టి కాపలా గోడలు దాటి బయటికి నడిచారు. ఆకలిగా ఉందని చెప్పి, మూడో తుత్మోస్ గుడి వెనక బైఠాయించారు. అధికారులు వచ్చి బతిమాలారు, మాటలిచ్చారు, కదలలేదు. మరునాడు రామేసియం దగ్గరికి పోయారు. ఆకలి, దాహం మమ్మల్ని ఇక్కడికి తెచ్చాయి, మాకు బట్టల్లేవు, నూనె లేదు, చేపల్లేవు, కూరగాయల్లేవు, ఈ సంగతి రాజుకు, మహామంత్రికి రాసి పంపండి అన్నారు. వెనకబడ్డ నెల ధాన్యం అప్పుడు కదిలింది. తర్వాతి నెలల్లో మళ్లీ ఆగింది, మళ్లీ బయటికొచ్చారు. ఒకసారి మహామంత్రి గాదెల్లోనే లేదని చెప్పి సగం రేషన్ ఇప్పించాడు. ఇదంతా అమెన్‌నఖ్త్ అనే లేఖకుడు పపైరస్ మీద రాసిపెట్టాడు. ఇటలీలో టూరిన్ మ్యూజియంలో ఉందది. మనకు రాతపూర్వకంగా తెలిసిన తొలి కార్మిక సమ్మె ఇదే.

రామేసియం ఇప్పుడు పర్యాటకులు అంతగా రాని గుడి. దాని వెనుక వైపు మట్టి ఇటుకల కమాను కొట్లున్నాయి, ధాన్యం నిల్వ చేసినవి. ఆ పనివాళ్లు ఎంచుకుని మరీ ఆ గుడి దగ్గర కూర్చున్నారని అర్థమవుతుంది. తిండి ఉన్న చోటికే పోయి తిండి అడిగారు. సకల జనుల సమ్మెలో 2011లో బాయిలు ఆగి, జీతాలు రాక, క్వార్టర్లలో పొయ్యిలు ఎట్లా వెలిగాయో చూసిన ఊరి మనిషిగా ఆ రాళ్ల నడుమ నేను ఎక్కువసేపే కూర్చున్నాను. గుర్రాలను నీడలో కట్టేసి గైడు కూడా నా పక్కనే కూర్చున్నాడు. నేను చెప్పింది విని, కార్మికులు ఎక్కడైనా కార్మికులే కదా అన్నట్టు తలూపాడు.

కూలి ఆపిన రాజు మూడో రామ్సెస్ గుడి మదీనత్ హబు అక్కడికి దగ్గరే. ఈ ఒడ్డున చెక్కుచెదరకుండా మిగిలిన గుళ్లలో గొప్పది. రథం మీద నిలబడి అడవి ఎద్దులను వేటాడుతున్న రాజు, పొదల్లో పడిపోతున్న ఎద్దు, ముందుకు దూకుతున్న గుర్రాలు. ఆ గోడను గంటల తరబడి చూడొచ్చు. ఆ రాజు అంతఃపుర కుట్రలో గొంతు కోయగా చనిపోయాడని 2012లో మమ్మీకి తీసిన స్కానింగ్ తేల్చింది. రాజ్యం ఆఖరి రోజుల్లో ఎడారి దోపిడీల భయంతో దేర్ ఎల్-మదీనా జనం కాలనీ వదిలి ఈ గుడి ప్రహరీ లోపలికే వచ్చి తలదాచుకున్నారు.

రాజుల లోయలోకి గుర్రాలను రానివ్వరు. 60కి పైగా సమాధులున్న ఆ లోయ గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, నేను ఒక్క మాటే చెబుతాను. రాత్రి వాట్సాప్‌లో బాపుకు సమాధుల ఫొటోలు పంపాను. ‘‘రంగులు సరే గని బిడ్డా, పైకప్పు ఎట్ల నిలవడ్డది? సపోర్టు ఒక్కటి గుడ కనవడుతలేదు’’ అన్నాడు. కొండ పైపొర గట్టి సున్నపురాయి, దాని కింద షేల్ పొర ఉంటుందని చెప్పాను. సున్నపురాయిలోనే ఆగిన సమాధులు నిలిచాయి. కింది షేల్‌లోకి దిగినవి, వరద నీళ్లు చొరబడి ఆ పొర ఉబ్బినప్పుడు పగిలాయి. రెండో రామ్సెస్ సమాధే అట్లా పాడైంది. ‘‘షేలు నీళ్లు తాగితె ఇంకేమున్నది’’ అన్నాడు బాపు. ఆయనకు ఈజిప్టు ఆ ఒక్క మాటతో దగ్గరైంది.

కొండ వాలు మీద ఒకప్పుడు కుర్నా ఊరుండేది. రంగురంగుల మట్టి ఇళ్లు, కింద సమాధులు. సమాధులను కాపాడాలని ప్రభుత్వం ఆ జనాన్ని కొత్త ఊరికి తరలించింది. 2000ల రెండో సగంలో ఇళ్లను కూల్చేసింది. అంతకు చాలా ముందే, 1940ల్లో, హసన్ ఫాతీ అనే వాస్తుశిల్పి వాళ్ల కోసం మట్టి ఇటుకలతో అందమైన కొత్త కుర్నా కట్టాడు, కానీ అప్పుడు ఎక్కువమంది పోలేదు. మా గైడు తాతల ఇల్లు ఆ వాలు మీదే ఉండేదట. గుర్రం మీద నుంచి ఖాళీ వాలును చేత్తో చూపించాడు. ఓసీల కింద పోయిన మన ఊళ్ల పేర్లు నాకు గుర్తొచ్చాయి. కారణం బొగ్గయినా, పురావస్తువైనా, లేచిపోయే ఇల్లు మాత్రం పేదవాళ్లదే. కొత్త ఇంటికి కరెంటు, నల్లా వచ్చాయని అతనే ఒప్పుకున్నాడు. పిల్లలు పాత గుమ్మం ఎక్కడుండేదో అడిగితే చూపించలేకపోవడమే అతని బాధ.

గుర్రాన్ని చూసి ఎక్కండి

ఈజిప్టులో బాగా చూసుకునే గుర్రపుశాలలున్నాయి. గుర్రాలను ఎముకల గూళ్లు చేసినవీ ఉన్నాయి. 1930లో కైరో వచ్చిన డొరతీ బ్రూక్ అనే ఇంగ్లిష్ మహిళ, మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసి తర్వాత అమ్మేసిన గుర్రాలు వీధుల్లో బండ్లకు కట్టి ఉండటం చూసి కలతపడింది. 1931లో లండన్ పత్రిక ‘మార్నింగ్ పోస్ట్’కు ఉత్తరం రాసింది. వచ్చిన విరాళాలతో వేల గుర్రాలను కొని వాటికి విశ్రాంతినిచ్చింది. 1934లో కైరోలో ఉచిత పశువైద్యశాల పెట్టింది. ఆ పేరుతోనే నడుస్తున్న బ్రూక్ సంస్థ ఇప్పటికీ ఈజిప్టులో పనిచేస్తోంది. మన దేశంలో ఇటుక బట్టీల్లో బరువులు మోసే గుర్రాలు, గాడిదల కోసం కూడా పనిచేస్తోంది.

అందుకని ధర అడిగే ముందు గుర్రాన్ని చూడండి. జీను తీయమనండి. భుజాల మధ్య ఎత్తు మీద, వెన్ను మీద పుండ్లు ఉంటే ఎక్కొద్దు. పక్కటెముకలు లెక్కపెట్టేలా కనిపిస్తే ఎక్కొద్దు. డెక్క పగిలిందా, లాడం వదులుందా, నోటి మూలల్లో కళ్లెం కోసిన గాయం ఉందా చూడండి. శాలలో నీళ్ల తొట్టి నిండుగా ఉందో లేదో చూస్తే యజమాని గురించి సగం తెలిసిపోతుంది. మనిషి, జీను కలిపి గుర్రం బరువులో ఐదో వంతు మించకూడదన్నది పాటించాల్సిన లెక్క. అక్కడి గుర్రాలు చాలావరకు చిన్నవి. బరువెక్కువ ఉన్నవాళ్లను మంచి శాలలు ముందే అడుగుతాయి. అడిగినందుకు నొచ్చుకోవద్దు. ‘ఏం కాదు, ఎక్కండి’ అనే శాలను వదిలేయండి. హెల్మెట్ ఇవ్వని చోటు కూడా అంతే.

ముందుగా స్వారీ నేర్చుకుని పోవడం అన్నిటికన్నా మంచిది. హైదరాబాద్ శివార్లలో నేర్పే బళ్లున్నాయి. నడక, ట్రాట్ మీద పట్టు దొరికితే గుళ్లు, పొలాల దారులన్నీ హాయిగా తిరగొచ్చు. ఎడారిలో దౌడు తీయాలంటే మాత్రం బాగా అలవాటుండాలి. కైరో దగ్గర దిగేవాళ్లకు అబూసిర్ నుంచి సక్కారా వైపు ఎడారి స్వారీ ఉంది. జోసెర్ మెట్ల పిరమిడ్ దూరం నుంచి మెల్లగా పెద్దదవుతూ వస్తుంది. గిజాలో గుర్రాలవాళ్ల ఒత్తిడి ఎక్కువ, కొత్తవాళ్లు మొదటి స్వారీ అక్కడ పెట్టుకోవద్దని నా సలహా.

మంచిర్యాలలో రైలెక్కి హైదరాబాద్, అక్కడి నుంచి గల్ఫ్ నగరాల మీదుగా కైరో, కైరో నుంచి విమానంలో గంట లేదా రాత్రి రైల్లో లక్సర్. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మన ఇళ్లలోని వాళ్లను అడిగితే సగం దారి వాళ్లే చెబుతారు. వీసా నిబంధనలు మారుతుంటాయి, టికెట్టు కొనక ముందే చూసుకోండి. వెళ్లాల్సింది నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు. వేసవిలో లక్సర్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, మనం తట్టుకున్నా గుర్రానికి అది నరకం. మందపాటి పొడవు ప్యాంటు, మడమ ఉన్న బూట్లు, మెడకు చుట్టుకునే తువ్వాలు తీసుకుపోండి. లక్సర్ ప్యాకేజీల్లో రాజుల లోయ, హత్‌షెప్‌సుత్ గుడి తప్పకుండా ఉంటాయి. దేర్ ఎల్-మదీనా, రామేసియం తరచుగా ఉండవు, వాటికి టికెట్లు విడిగా తీసుకోవాలి. డబ్బు కట్టే ముందే ఆ రెండు పేర్లూ చెప్పి, కాగితం మీద రాయించుకోండి.